ఆదివారం రాత్రి భోజనాల సేవకు రావాలనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో మా బృందం ప్రతి ఆదివారం రాత్రి సుమారు 250 మందికి భోజనం పెడుతుంది. వంట అక్కయ్యపాలెంలో, వడ్డన మహారాణిపేటలో. కొత్తగా వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. కొన్నిటికి ఒక్క మాటలో జవాబు అయిపోతుంది, కొన్నిటికి కూర్చుని మాట్లాడాలి. ఆ మాటలన్నీ ఇక్కడ రాసి పెట్టాం.

భోజనం ఎవరికి పెడతారు?

ఎక్కువగా మహారాణిపేటలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్)లో ఉన్న రోగుల వెంట వచ్చినవాళ్లకి. 1923లో మొదలైన ఈ ఆసుపత్రికి ఉత్తరాంధ్ర అంతటి నుంచీ జనం వస్తారు. పాడేరు, అరకు వైపు ఏజెన్సీ ఊళ్ల నుంచి, శ్రీకాకుళం, విజయనగరం నుంచి, ఒడిశాలోని కోరాపుట్, మల్కాన్‌గిరి నుంచి కూడా. మంచం మీద ఉన్న రోగికి ఆసుపత్రి భోజనం అందుతుంది. పక్కన నేల మీద పడుకునే తల్లికో, భర్తకో ఎవరు పెడతారు? ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బులు మందులకీ ఆటోలకీ అయిపోతుంటే ముందు తగ్గించుకునేది వాళ్ల తిండే. రాత్రికి టీ, బన్నుతో సరిపెట్టుకునేవాళ్లని మేం ప్రతి వారం చూస్తున్నాం.

వాళ్లతో పాటు ఆ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద ఉండే ముసలివాళ్లు, రోజు కూలి దొరకనివాళ్లు కూడా వస్తారు.

అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకే భోజనం దొరుకుతుంది కదా, మళ్లీ ఇదెందుకు?

దొరుకుతుంది, అది మంచి ఏర్పాటు. 2018లో మొదలై, మధ్యలో ఆగి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. మా దగ్గరికి వచ్చేవాళ్లకి అవి ఎక్కడ ఉన్నాయో మేమే చెబుతుంటాం. పగటిపూట వెళ్లగలిగినవాళ్లు అక్కడికి వెళ్లడమే మేలు.

కాకపోతే, రోగిని వదిలి కదలలేనివాళ్లు చాలామంది. డాక్టరు ఎప్పుడొస్తారో, ఏ మందు తెమ్మంటారో అని గుమ్మం దగ్గరే కూర్చుంటారు. ఊరు కొత్త, సెల్‌ఫోన్‌లో చార్జింగ్ ఉండదు, రోడ్డు దాటి వెళితే మళ్లీ వార్డుకి దారి తెలియదేమోనని భయం. మొదటిసారి పట్నం వచ్చిన మనిషి టెన్షన్ అలాగే ఉంటుంది. అందుకే కూర్చుని తినేవాళ్లకి వడ్డనతో పాటు, రాలేనివాళ్ల కోసం నలభై పొట్లాలు విడిగా కడతాం. వాటిని తీసుకెళ్లేది పక్క మంచం వాళ్ల బంధువులే. తమకి కట్టించుకునేటప్పుడే "మా పక్కనామె కూడా తినలేదు, ఆమెకీ ఒకటి కట్టండి" అని అడుగుతారు.

ఆధార్ కార్డు గానీ, ఆసుపత్రి చీటీ గానీ చూస్తారా?

చూడం. పేరు కూడా అడగం. ఆకలి అని వచ్చినవాళ్లని కులం, ఊరు, వేళ అడగకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు (1841–1909) పుట్టిన నేల మనది. గోదావరి లంకల్లో ఆమె చేసిన పనిని తలచుకునే, 2024లో రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టారు. తినడానికి వచ్చిన మనిషి తన పేదరికాన్ని ముందు మనకి రుజువు చేయాలి అనడం నాకైతే నచ్చదు. బాగా బట్టలు వేసుకున్నవాళ్లు వరసలో కనిపిస్తే కొత్త వాలంటీర్లు నా వైపు చూస్తారు. పెళ్లికని బయల్దేరి, దారిలో యాక్సిడెంట్ అయి, అవే బట్టలతో మూడు రోజులుగా వార్డు బయట ఉన్న కుటుంబానికి మేం ఒకసారి వడ్డించాం.

నాకు వంట రాదు. వచ్చి ఏం చేయాలి?

వంట వచ్చినవాళ్లు ఇద్దరు చాలు, వాళ్లు ఉన్నారు. మిగతా పనికే మనుషులు కావాలి. కూరగాయలు కడగాలి, తరగాలి, బియ్యంలో రాళ్లు చూడాలి, గుండిగలు తోమాలి, ఆటోలో ఎక్కించి దించాలి, పట్టాలు పరచాలి, నీళ్లు పోయాలి, ఆకులు ఎత్తాలి. తోమడానికి వచ్చేవాళ్లు ఎప్పుడూ తక్కువే. ఏ పని చేస్తారని అడిగితే అందరూ వడ్డన అంటారు. మొదటి నాలుగు వారాలు వంటశాలలో పని చేసిన తర్వాతే వడ్డనకి పంపుతాం. ఇది శిక్ష అనుకోవద్దు. సాంబారు ఎంత కష్టపడితే వచ్చిందో తెలిసినవాళ్ల చేతిలో గరిటె జాగ్రత్తగా ఉంటుంది.

ఎంత సమయం పడుతుంది?

మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 10 వరకు. మొత్తం ఉండక్కర్లేదు. తరగడానికి 2:30 నుంచి 5 వరకు ఒక జట్టు, వడ్డనకి 7 నుంచి 9:30 వరకు ఒక జట్టు, గిన్నెలకి ఒక జట్టు.

నెలకి ఒక్క ఆదివారమే కుదిరితే ఆ ఒక్కటే చెప్పండి. నాలుగు వారాలూ వస్తానని చెప్పి రెండు మానేసేవారి కంటే, ఒక్కసారి వస్తానని చెప్పి ఆ ఒక్కసారి వచ్చేవారి మీదే వంటశాల నడుస్తుంది. రాలేకపోతే శనివారం సాయంత్రం లోపల ఫోన్ చేయండి. కారణం చెప్పనవసరం లేదు. ముగ్గురు చెప్పకుండా మానేసిన ఒక ఆదివారం వడ్డన ముప్పావుగంట ఆలస్యమైంది. ఒక పెద్దావిడ కాసేపు ఎదురుచూసి, కొడుకుని ఆపరేషన్ థియేటర్ నుంచి తెచ్చే వేళైందని తినకుండానే లేచి వెళ్లిపోయింది. ఆ వారం నాకు నిద్ర పట్టలేదు.

250 మందికి ఎంత వండాలో ఎలా లెక్క వేస్తారు?

ఇది ఇష్టంగా చెబుతాను, ఎందుకంటే మేం చాలా తప్పులు చేసి నేర్చుకున్నాం. ఫంక్షన్లకి వండే మాస్టర్లు వంద మందికి 10, 12 కిలోల బియ్యం చాలంటారు. అక్కడ పూరీలు, స్వీట్లు, పులిహోర, ఇంకా పది రకాలుంటాయి కాబట్టి అన్నం తక్కువే తింటారు. ఇక్కడ అన్నమే భోజనం. పొద్దుటి నుంచి ఏమీ తినని కూలిమనిషి మూడుసార్లు అన్నం వేయించుకుంటాడు. మా లెక్క వందమందికి 18 కిలోలు, అంటే 250 మందికి 45. మొదట్లో 30 కిలోలు వండి, సగం మందికే సరిపోతే పక్క హోటల్‌కి పరిగెత్తిన రోజులున్నాయి.

సాంబారుకి వందకి 3 కిలోల కందిపప్పు, కూరకి 10 నుంచి 12 కిలోల కూరగాయలు. రైతుబజారులో ఆ రోజు ఏది చవకగా, లేతగా ఉంటే అదే కూర. వంకాయ, దొండకాయ, ఆనపకాయ ఎక్కువసార్లు వస్తాయి. కారం మన ఇళ్లలో వేసుకునేదాంట్లో సగమే, ఎందుకంటే పిల్లలు, నోట్లో పుళ్లున్నవాళ్లు కూడా తింటారు. ఎండాకాలంలో సాంబారు తగ్గించి మజ్జిగ పెంచుతాం. చలికాలంలో కొన్ని వారాలు చోడి (రాగి) అంబలి కూడా కాస్తాం. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లు ఆ గ్లాసు చూడగానే ముఖంలో వచ్చే మార్పు మీరు కూడా చూడాలి.

గుడ్డు, మాంసం ఎందుకు పెట్టరు?

గుడ్డు నెలకి రెండుసార్లు పెడతాం, వద్దన్నవారికి అరటిపండు. మాంసం పెట్టం. అన్ని గంటలు సురక్షితంగా నిలవ ఉంచే వసతి మా దగ్గర లేదు.

భోజనం పాడవకుండా ఏం జాగ్రత్తలు తీసుకుంటారు?

విశాఖ ఉక్కపోతలో ఇదే అన్నిటికన్నా పెద్ద పని. వండినది 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఎక్కువసేపు ఉంటే సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి. అందుకే అన్నం అన్నిటికన్నా చివర వండుతాం, దించిన రెండు గంటల్లోపు ఆఖరి విస్తరిలో పడేలా చూస్తాం. మిగిలిన అన్నాన్ని మర్నాడు వేడి చేసి పెట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. బియ్యంలో బాసిలస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉంటాయి, అవి ఉడికినా చావవు. గది వేడిలో అన్నం ఉండిపోతే అవి పెరిగి ఒక విషాన్ని వదులుతాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వాంతులు మొదలైతే ఆసుపత్రిలో రోగిని చూసుకునే ఆ ఒక్క మనిషే పడిపోతుంది. ఇంట్లో మనం తట్టుకునేది అక్కడ వాళ్లు తట్టుకోలేరు.

ఒక మే నెలలో సలసల మరిగే సాంబారుని నేరుగా క్యాన్లలో పోసి మూత బిగించి, తొందరగా పనైపోయిందని నాలుగు గంటలకే పక్కన పెట్టేశాం. ఏడున్నరకి మూత తీస్తే నురగ, పులిసిన వాసన. 80 లీటర్లు పారబోశాం. ఆ రాత్రి పచ్చడి, మజ్జిగతో అన్నం పెట్టి, దొరికినన్ని అరటిపళ్లు కొన్నాం. ఆ రోజు నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాం. ఆరు గంటలకి ముందు ఏ కూరా దించకూడదు. వడ్డనకి ముందు ప్రతి వంటకాన్నీ మాలో ఇద్దరు తిని చూడాలి.

వంటశాలకి వచ్చేవాళ్లు గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు తీసి, జుట్టు కట్టుకుని రావాలి. జలుబు, విరేచనాలు, చేతి మీద పుండు ఉంటే ఆ వారం రావద్దు. ఏం కాదులే అని మాస్కు పెట్టుకుని వస్తే కూడా తిప్పి పంపేస్తాం, బాధపడవద్దు.

వేడి గిన్నెల దగ్గర ప్రమాదం కాదా?

ప్రమాదమే. 45 కిలోల బియ్యం ఉడికిన గుండిగల్లో గంజి వార్చడం మా దగ్గర నలుగురే చేస్తారు. ఆ సమయంలో మిగతావాళ్లు గీత గీసిన చోటు దాటి రాకూడదు. చీర కొంగు దోపుకోవాలి, చున్నీ తీసి పెట్టాలి, చెప్పులు జారనివి వేసుకోవాలి. చర్మం కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. టూత్‌పేస్టు, పసుపు, వెన్న రాయవద్దు.

పెళ్లిలో మిగిలిన భోజనం తెచ్చి ఇస్తాం, తీసుకుంటారా?

అడిగే మనసు మంచిది, కానీ చాలాసార్లు వద్దంటాం. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "వంద ప్లేట్ల బిర్యానీ ఉంది, వచ్చి తీసుకెళ్లండి" అంటారు. ఎప్పుడు వండారు, ఎక్కడ ఉంచారు, ఎంతమంది చేతులు తగిలాయి అన్నది తెలియకుండా ఇంకొకరికి ఎలా పెడతాం? మీరు తినడానికి వెనకాడేది వాళ్లకి పెట్టకూడదు. మిగులు ఆహారం పంచడానికి దేశంలో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో విడిగా నిబంధనలు తెచ్చింది. వాటిని పాటించడానికి కావాల్సిన వాహనం, వేడిగా ఉంచే డబ్బాలు ఉన్న సంస్థలకి ఇవ్వడం మంచిది.

మీ ఇంట్లో ఫంక్షన్ ఉందని ముందే తెలుసు కదా. వారం ముందు చెబితే వంటమాస్టర్‌తో మాట్లాడి, వడ్డించకముందే కొంత పక్కకి తీసి వేడిగా ఉంచే ఏర్పాటు చేయొచ్చు. అలా వచ్చినదాన్ని సంతోషంగా తీసుకుంటాం.

పుట్టినరోజుకి, వర్ధంతికి మా తరఫున పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఆ రోజు ఖర్చులో మీకు వీలైనంత ఇస్తే చాలు, అంతా ఇవ్వక్కర్లేదు. కుటుంబం అంతా వచ్చి వడ్డించొచ్చు. బ్యానర్ కట్టం, పేరు మైకులో చదవం, కేకు కోయించం. తింటున్నవాళ్లలో ఆ సాయంత్రమే మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు. మీ నాన్నగారి పేరు చెప్పి మీరే ఒక్కొక్కరికీ స్వీటు వేయండి. "ఈయన ఎవరు బావూ" అని వాళ్లే అడుగుతారు, మీరు చెప్పండి. అలా జరిగిన సంభాషణలు నేను చాలా విన్నాను.

కార్తీకమాసంలో దాతలు వరస కడతారు, గిరి ప్రదక్షిణ రోజు సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల దారి పొడవునా పులిహోర, మజ్జిగ చేతిలో పెడతారు. ఆషాఢం తర్వాత వచ్చే వానల్లో, పరీక్షల నెలల్లో మా దగ్గర డబ్బులూ ఉండవు, మనుషులూ ఉండరు. తేదీ మీ ఇష్టమైతే ఆ రోజుల్లో ఒకటి ఎంచుకోండి.

ఫొటోలు తీసుకోవచ్చా?

వంటశాలలో తీసుకోండి, కూరగాయలవి, మనవి. వడ్డన దగ్గర సెల్‌ఫోన్ సంచిలోంచి బయటికి తీయకూడదు. చేయి చాచి తీసుకుంటున్న ముఖం ఎవరి ఫోన్‌లోనూ ఉండకూడదు. ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు, పెద్ద దాతలకి కూడా.

వడ్డనలో కొత్తవాళ్లు చేసే తప్పులేమిటి?

అడిగితేనే వేయడం. మన ఇంటికి చుట్టం వస్తే వద్దంటున్నా మారు వడ్డిస్తాం. ఇక్కడ కూర్చున్నవాళ్లు సిగ్గుతో అడగరు. మీరే బకెట్ పట్టుకుని రెండోసారి, మూడోసారి తిరగాలి. ఆకులో అన్నం ఎంత ఉందో చూసి పులుసు పోయాలి. నిలబడి పైనుంచి విసిరినట్టు వేయొద్దు, నడుం వంచండి. అమ్మా, అక్కా, తాతా అని పిలవండి. నువ్వు అనొద్దు, వయసులో చిన్నవాళ్లనైనా సరే.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. మా దగ్గర కడబంతిలో కూర్చునేది ఎవరంటే, డాక్టరు రౌండ్‌కి ఆగిపోయినవాళ్లు, సెలైన్ సీసా అయ్యేదాకా కదలలేనివాళ్లు. వాళ్లు వచ్చేసరికి కూర అయిపోయి ఉత్త చారు మిగలడం మొదట్లో జరిగేది. ఇప్పుడు మొదటి బంతి కూర్చోకముందే అరవై మందికి సరిపడా కూర, పప్పు, గుడ్లు విడిగా తీసి మూత పెట్టేస్తాం. తొమ్మిది దాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. ముందు వరసలో ఎవరైనా ఇంకా కావాలన్నా అన్నం, సాంబారు వేస్తాం గానీ ఆ గిన్నె తెరవం.

ఒకరే రెండుసార్లు కూర్చుంటే? తాగి వస్తే?

రెండుసార్లు కూర్చుంటే రెండుసార్లు పెడతాం. తాగి వచ్చినవారికి పక్కన విడిగా కూర్చోబెట్టి పెడతాం, పాత వాలంటీరు ఒకరు దగ్గరుంటారు. గొడవైతే మీరు జోక్యం చేసుకోకండి, పిలవండి చాలు.

తెలుగు రానివాళ్లతో ఎలా?

ఒడియా, హిందీలో పది మాటలు గోడ మీద రాసి పెట్టాం. అన్నం, నీళ్లు, చాలా, ఇంకా, కూర్చోండి. అవి చాలు.

పిల్లల్ని తీసుకురావచ్చా?

పన్నెండేళ్లు దాటినవాళ్లని తీసుకురండి. గ్యాస్ పొయ్యిల దగ్గరికి పంపం. నీళ్లు పోయడం, అరటిపళ్లు ఇవ్వడం వాళ్ల పని. తిన్నవాళ్ల గురించి ఇంటికి వెళ్లాక పిల్లలు అడిగే ప్రశ్నలకి ఓపికగా జవాబివ్వండి. "చదువుకోకపోతే నువ్వూ ఇలాగే అవుతావు" అని అక్కడ ఎవరినీ చూపించి చెప్పకండి. ఒక తల్లి అలా అంటుంటే వెనక కూర్చున్న మనిషి వినడం నేను చూశాను.

ప్లేట్లు ఏవి వాడతారు?

అడ్డాకుల విస్తళ్లు. మన ఏజెన్సీ కొండల్లో ఆ ఆకులు ఏరి కుట్టి అమ్ముకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, థర్మాకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం, దాతలు తెచ్చినా తీసుకోం. నీళ్లకి స్టీలు గ్లాసులు. తిన్న ఆకులు, మెతుకులు తడిచెత్త సంచిలోకి. స్థలం ఊడ్చి, కడిగి వెళ్లే బాధ్యత మనదే, తిన్నవాళ్లది కాదు.

డబ్బు ఇవ్వాలా? సరుకులు ఇవ్వొచ్చా?

వాలంటీరుగా రావడానికి రూపాయి ఇవ్వక్కర్లేదు. బియ్యం, కందిపప్పు, నూనె సీలు తీయని బస్తాలు, ప్యాకెట్లు అయితే తీసుకుంటాం. వస్తువులుగా ఇచ్చిన దానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, ముందే తెలుసుకోండి. లెక్కలు ప్రతి నెలా మొదటి ఆదివారం వంటశాల గోడకి అంటిస్తాం, ఎవరైనా చదవొచ్చు.

తుపాను వస్తే ఆపేస్తారా?

వడ్డన ఆపేస్తాం, తిండి ఆపం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టిన తర్వాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల మీద చెట్లు. మాలో కొందరు అప్పటికి ఒకరికొకరు తెలియదు, ఎవరి వీధిలో వాళ్లు కట్టెల పొయ్యి మీద ఉప్మా వండినవాళ్లే. ఆ అనుభవంతో ఇప్పుడు అక్టోబరు, నవంబరు నెలల్లో అటుకులు, బెల్లం, బిస్కెట్లు, పాలపొడి, తాగునీటి క్యాన్లు ఒక గదిలో సిద్ధంగా ఉంచుతాం. హెచ్చరిక వస్తే నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉన్న వాలంటీర్లే కదులుతారు. బైకు మీద ఎవరూ రావద్దు.

మా వీధిలోనే ఇలాంటిది మొదలుపెట్టాలని ఉంది. ఎలా?

ముందు మా దగ్గర రెండు నెలలు పని చేయండి. తర్వాత పాతిక మందితో, వారానికి ఒక్క పూటతో మొదలుపెట్టండి. లాభం లేకుండా పెట్టినా ఆహార భద్రతా చట్టం వర్తిస్తుంది, అందుకే రిజిస్ట్రేషన్ చేయించండి. గాజువాక, పెందుర్తి వైపు, అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర ఇలాంటివి ఎన్ని ఉన్నా సరిపోవు. మా పెద్ద గుండిగలు వారం మధ్యలో ఖాళీగానే ఉంటాయి, తీసుకెళ్లి తోమి తిరిగివ్వండి.

సరే, వస్తాను. ఈ ఆదివారం ఏం చేయాలి?

భోంచేసి రండి. ఖాళీ కడుపుతో పొయ్యి దగ్గర కళ్లు తిరుగుతాయి. పాత కాటన్ బట్టలు, ఒక తువ్వాలు, నీళ్ల సీసా తెచ్చుకోండి. మీ ఇంట్లో పదునైన కత్తిపీట ఉంటే అదీ తెండి, మా దగ్గర ఉన్నవి ఆరే. గుమ్మం పక్కన కుళాయి ఉంటుంది, చేతులు కడుక్కుని లోపలికి వచ్చి ఎవరినైనా అడగండి. మొదటి గంట మాత్రం ఉల్లిపాయలు తరగాలి, 20 కిలోలు.